కరెంటు పోతే మొసలి గుడ్లేమవుతాయి?

కోడిగుడ్డును పొదిగేటప్పుడు వేడిమి తప్పితే పిల్ల బ్రతుకుతుందా, చస్తుందా అన్నది ఒక్కటే ప్రశ్న. మొసలి గుడ్డు విషయంలో దానికి మరొక ప్రశ్న తోడవుతుంది: పుట్టబోయేది ఆడదా, మగదా? మన నదులలోను, చెరువులలోను నివసించే మగ్గర్ మొసలి గుడ్లను 28 నుండి 31 డిగ్రీల సెంటిగ్రేడ్ వరకు ఏ స్థిరమైన వేడిమిలో పొదిగినా అన్నీ ఆడపిల్లలే పుడతాయి. అదే 32.5 డిగ్రీలయితే మగపిల్లలు పుడతాయి. ఈ రెండింటి నడుమ ఉన్నది ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. చేతితో తాకి మనిషి పోల్చుకోలేని ఆ స్వల్పమైన తేడాను రెండు నెలలపాటు రాత్రింబగళ్ళు కనిపెట్టి ఉండే పని థర్మోస్టాట్ అనే చిన్న పరికరానిది. ఆ పరికరానికి ఊపిరి విద్యుచ్ఛక్తి. అది ఆగిపోయిన వేళ పొదుగుపెట్టెలోని గుడ్ల గతి ఏమిటి?

ఈ ప్రశ్న వినగానే ఎవరికైనా జనరేటరు గుర్తుకు వస్తుంది. కాని జనరేటరుకంటే ముందు ఆలోచించవలసినవి కొన్ని ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగం ఖర్చు లేనివి.

తూర్పు తీరపు దారిలో

మేట్టుపాళయం అనగానే నీలగిరి కొండలెక్కే చిన్న రైలు మనసులో మెదలడం సహజం. అదే పేరుగల చోటు పుదుచ్చేరి పట్టణంలో మరొకటి ఉన్నది. మన మెట్టకు, పాలేనికి తోబుట్టువుల వంటి మాటలే తమిళంలోని మేడు, పాళయం, మెట్టపాలెం అన్నమాట. పుదుచ్చేరి మేట్టుపాళయం పారిశ్రామికవాడ. ప్లాస్టిక్కును కరిగించి అచ్చుపోసే యంత్రం ఏ వాడలో ఉన్నా, పని నడుమ కరెంటు పోతే సరకు లోపలే గడ్డకడుతుందని అక్కడి పనివారికి వేరే చెప్పనక్కరలేదు. గడ్డకట్టిన ప్లాస్టిక్కును మళ్ళీ కరిగించుకోవచ్చు. గుడ్డులోని పిండానికి ఆ వెసులుబాటు లేదు.

పుదుచ్చేరి నుండి తూర్పు తీరపు రహదారి వెంట ఉత్తరంగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, మామల్లపురం దాటిన తరువాత వడనెమ్మేలి చేరితే మద్రాసు క్రొకడైల్ బ్యాంక్ కనిపిస్తుంది. రాములస్ విటేకర్, జయీ విటేకర్, వారి మిత్రులు కలిసి 1976లో దానిని నెలకొల్పారు. జెఫ్రీ లాంగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు హ్యారీ ఆండ్రూస్, రాములస్ విటేకర్‌లతో కలిసి మగ్గర్ గుడ్లపై జరిపిన పరిశోధన 1989లో ప్రచురితమయింది. పైన చెప్పిన అంకెలు అందులోవే. 31.5, 32, 33 డిగ్రీల వద్ద ఆడవి, మగవి కలిసి పుట్టాయి. అర డిగ్రీ మారినప్పుడల్లా వాటి పాళ్ళు మారాయి.

మనిషిలోను, కోడిలోను లింగాన్ని నిర్ణయించేవి క్రోమోసోములు. మొసళ్ళకు లింగ నిర్ణయం చేసే క్రోమోసోములు లేవు. ఆ అధికారం వేడిమిదే. ఇటువంటి వింత సరీసృపాలలో ఉన్నదని మొట్టమొదట సూచించినది మడలీన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు. సెనెగల్ దేశపు డాకర్ నగరంలో ఒక జాతి తొండ గుడ్లపై చేసిన పరిశీలనను ఆమె 1966లో ప్రకటించింది. మొసలి కుటుంబానికి చెందిన అమెరికన్ ఆలిగేటర్‌లోనూ ఇదే జరుగుతున్నదని 1982లో ఫెర్గూసన్, జోనెన్ అనేవారు రుజువు చేశారు.

తెలియక ముందే మొదలైన పని

చర్మాల వ్యాపారం, గుడ్ల దొంగతనం, నదుల మార్పు కలిసి 1970ల తొలినాళ్ళకు మన మొసళ్ళను అంతరించే దశకు తెచ్చాయి. పొడుగాటి సన్నని మూతిగల ఘరియల్ అడవులలో 200 కూడా మిగలలేదని అంచనా. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణుడు రాబర్ట్ బస్టర్డ్ సలహాపై భారత ప్రభుత్వం 1975లో మొసళ్ళ సంరక్షణ పథకాన్ని ప్రారంభించింది. ఒడిశాలో మహానది ఒడ్డున ఉన్న టికర్‌పడ తొలి కేంద్రాలలో ఒకటి. గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను మీటరుకు పైగా పెరిగేవరకు సాకి, తిరిగి నదులలో వదలడం ఆ పథకపు పద్ధతి. ఈ విద్యలో సిబ్బందికి తర్ఫీదు ఇచ్చే కేంద్ర సంస్థ హైదరాబాద్‌లోనే పనిచేసింది. సంగారెడ్డి దగ్గరి మంజీరా 1978లో అభయారణ్యమయినది కూడా ప్రధానంగా మగ్గర్ మొసళ్ళ కోసమే.

ఆ పథకం ఆరంభమైన నాటికి మొసళ్ళలో వేడిమికి, లింగానికి గల సంబంధం రుజువు కాలేదు. వందల గుడ్లను ఒకే వేడిమిలో పొదిగిస్తే పుట్టిన పిల్లలన్నీ ఒకే లింగానివి కావచ్చునని ఊహించే అవకాశం నాడు లేదు. పైగా మొసలి పిల్లను పైపైన చూచి ఆడమగ తేల్చడం నిపుణులకు కూడా సులభం కాదు. తేడా జరిగితే అది బయటపడేది ఏళ్ళు గడిచి, వదిలిన జంతువులు ఈడేరిన తరువాత. అప్పటికి దిద్దుకొనే వీలుండదు. కనుక పొదుగుపెట్టెలోని థర్మోస్టాట్ కాపాడుతున్నది కొన్ని గుడ్లను మాత్రమే కాదు. ఒక నదిలో మరుసటి తరం ఉంటుందా, ఉండదా అన్నది కూడా దాని మీద ఆధారపడి ఉన్నది.

పెట్టెలో దాగిన వేడి

అనుమతి పొందిన ఒక సంరక్షణ కేంద్రం తన పొదుగుపెట్టెను మేట్టుపాళయంలోని ఒక షెడ్డులో నడుపుతున్నదని అనుకుందాం. పెట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు; గోడలు 5 సెంటీమీటర్ల మందం గల థర్మోకోల్. లోపల తేమపట్టిన పదార్థంలో సుమారు 20 గుడ్లు. లోపల 31 డిగ్రీలు, రాత్రివేళ బయట 26 డిగ్రీలు. ఈ అయిదు డిగ్రీల తేడా వద్ద గోడల గుండా బయటికి పోయే వేడి లెక్క కట్టితే అయిదు వాట్లకు మించదు. ఇది పడకగదిలోని చిన్న రాత్రి దీపం వాడుకొనే పాటి శక్తి.

ఇప్పుడు కరెంటు పోయింది. పెట్టెలో గుడ్లు, తేమ పదార్థం తప్ప మరేమీ లేకపోతే గంట లోపే ఒక డిగ్రీ పడిపోతుంది. అదే పెట్టెలో ఇరవై లీటర్ల నీటిని సీసాలలో నింపి ముందుగానే అమర్చి ఉంటే, మూత బాగా బిగిసి ఉన్నంతవరకు ఒక డిగ్రీ తగ్గడానికి ఆరు గంటలకు పైగా పడుతుంది. వేడిని దాచుకొనే శక్తిలో నీటిని మించిన చవక పదార్థం లేదు. నీటి సీసాలే ఇక్కడ మొదటి బ్యాటరీ. వాటికి తీగలు లేవు, స్విచ్చి లేదు, చెడిపోవడమంటూ లేదు.

ఈ లెక్కలో ఒక షరతు ఉన్నది. పెట్టె మూత తెరవకూడదు. కరెంటు పోగానే గుడ్లు ఎలా ఉన్నవోనన్న ఆదుర్దాతో మాటిమాటికి మూత తీసి చూడడం వలన వెచ్చని, తేమగల గాలి ఒక్కసారిగా బయటికి పోతుంది. లోపలి వేడిమిని బయటినుండే చదువుకొనేందుకు వీలుగా థర్మామీటరును అమర్చుకోవాలి.

చలికంటే వేడితోనే ముప్పు

గుడ్లు చల్లబడతాయని అందరూ భయపడతారు. నిజానికి సరీసృపాల పిండాలు కొన్ని గంటల చల్లదనాన్ని సాధారణంగా ఓర్చుకుంటాయి. పెరుగుదల నెమ్మదిస్తుంది, పిల్ల బయటపడే రోజు కొంత వెనక్కు జరుగుతుంది. లింగ నిర్ణయానికి కీలకమైన దశ కూడా పొదుగు కాలమంతా ఉండదు. తాబేళ్ళలో అది మొత్తం కాలంలో ఇంచుమించు నడిమి మూడవ వంతు. ఆ దశలోనైనా దీర్ఘకాలం సాగే మార్పు చేసే పనిని ఒక పూట చల్లదనం చేయలేదు. వేడి సంగతి అలా కాదు. 33 డిగ్రీల పైన ఎక్కే ఒక్కొక్క డిగ్రీ మగ్గర్ పిండాన్ని ప్రమాదం అంచుకు నెడుతుంది.

దక్షిణాదిన ఈ మాటకు మరింత ప్రాధాన్యం ఉన్నది. మగ్గర్ గుడ్లు పెట్టేది ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు. పొదిగే కాలం నడివేసవి. మే నెలలో పుదుచ్చేరి పగటి వేడిమి 36, 37 డిగ్రీలకు తరచుగా చేరుతుంది. అంటే మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు పెట్టె చల్లబడదు సరికదా వేడెక్కుతుంది. అటువంటప్పుడు వేడిచేసే తీగకు ఎంత గొప్ప బ్యాటరీ ఉన్నా ప్రయోజనం శూన్యం. శీతల దేశాలలో వ్రాసిన సలహాలను ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే వచ్చే చిక్కు ఇదే.

ఇక్కడ కూడా ఆదుకొనేవి నీటి సీసాలే. బయట 37, లోపల 32 ఉన్నప్పుడు వేడిమి ఒక డిగ్రీ పెరగడానికి మళ్ళీ అదే ఆరు గంటలు పడుతుంది. అంతలో పొద్దు వాలుతుంది. అప్పటికీ కరెంటు రాకపోతే మంచుగడ్డల జోలికి పోకుండా, మట్టికుండలో చల్లబడిన నీటిని సీసాలలో మార్చడం మేలు. పై పెట్టెలో 33 డిగ్రీలున్న అయిదు లీటర్ల నీటిని తీసి 28 డిగ్రీల కుండనీరు పెడితే లోపలి వేడిమి మెల్లగా సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. నాలుగు గోడల మధ్య నీడపట్టున, పైకప్పు రేకులకు దూరంగా పెట్టెను ఉంచడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

కరెంటు తిరిగి వచ్చిన క్షణం

కరెంటు పోవడంకంటే అది తిరిగి రావడం కొన్ని సందర్భాలలో ఎక్కువ ప్రమాదకరం. తిరిగి వచ్చే తొలి క్షణాలలో ఓల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ తాకిడికి థర్మోస్టాట్‌లోని రిలే మొనలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అప్పుడు వేడి ఆగదు; పరికరం మాత్రం పని చేస్తున్నట్టే కనిపిస్తుంది. కొన్ని చవక ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్లు కరెంటు పోయి రాగానే మనం పెట్టిన అంకెను మరచి, కార్ఖానాలో పెట్టిన అంకెకు మళ్ళుతాయి.

దీనికి విరుగుడు మూడు విధాలు. వేడి తీగకు వెళ్ళే దారిలోనే రెండవ థర్మోస్టాట్‌ను ఒక డిగ్రీ ఎక్కువకు అమర్చడం మొదటిది. మొదటిది అతుక్కుపోయినా రెండవది తీగను ఆపుతుంది. కరెంటు వచ్చిన కొన్ని నిమిషాల వరకు పెట్టెకు అందకుండా ఆపే సాధనం రెండవది. మూడవది అన్నిటికంటే సులభం: అవసరానికి మించిన హీటరును వాడకపోవడం. పై పెట్టెలో 100 వాట్ల బల్బు ఆరకుండా వెలిగిపోతే, అంత నీరు ఉన్నా సుమారు 17 నిమిషాలకొక డిగ్రీ చొప్పున వేడి పెరుగుతుంది. తెల్లవారేసరికి గుడ్లు ఉడికిపోతాయి. 10 వాట్ల తీగ అయితే మొదటి డిగ్రీ పెరగడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో ఎవరో ఒకరు చూడకపోరు.

ఎవరూ లేనప్పుడు రాత్రి ఏమి జరిగిందో తెలుసుకొనడానికి కరెంటు అక్కరలేని సాధనం ఒకటి ఉన్నది. జేమ్స్ సిక్స్ అనే ఆంగ్లేయుడు 1780లో కనిపెట్టిన గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటరు అది. వేడిమి ఎంత పైకి వెళ్ళిందో, ఎంత కిందికి దిగిందో రెండు చిన్న గుర్తులు నిలిచిపోయి చెపుతాయి.

బ్యాటరీ లెక్క

ఇన్నీ చేసిన తరువాత బ్యాటరీ వంతు వస్తుంది. 12 ఓల్టుల, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సుమారు 1,200 వాట్-గంటల శక్తి ఉంటుంది. బ్యాటరీ కలకాలం మన్నాలంటే అందులో సగం మాత్రమే వాడుకోవాలి, అంటే 600. అయిదు వాట్లు చాలే పెట్టెకు ఇది అయిదు రోజులు వస్తుంది.

అదే బ్యాటరీని ఇంట్లో వాడే ఇన్వర్టరుకు కలిపి, దాని ద్వారా 230 ఓల్టుల హీటరును నడిపితే ఏమవుతుంది? 12 ఓల్టులను 230కి మార్చే పనికే ఇన్వర్టరు 10 నుండి 20 వాట్ల వరకు ఖర్చు చేసుకుంటుంది. గుడ్లకు కావలసినది అయిదు వాట్లు. మధ్యవర్తి తినేది పదిహేను. అయిదు రోజులు రావలసిన బ్యాటరీ ముప్పయి గంటలలో ముగుస్తుంది. కనుక వేడి తీగ, థర్మోస్టాట్ రెండూ 12 ఓల్టులతో నడిచేవిగా ఎంచుకొని, వాటిని ఎల్లప్పుడూ బ్యాటరీతోనే నడుపుతూ, మామూలు కరెంటుతో ఆ బ్యాటరీని నింపుతూ ఉండడం మంచి పద్ధతి. అప్పుడు ఒక దారినుండి మరొక దారికి మార్చే స్విచ్చి అవసరమే ఉండదు. కరెంటు పోయినట్టు పెట్టెకు తెలియనే తెలియదు.

గదినంతా ఒకే వేడిమిలో ఉంచే పెద్ద కేంద్రాలకు ఏ.సి. యంత్రం తప్పనిసరి కావచ్చు. వాటికి జనరేటరు కావలసిందే. కాని తుపాను వేళ జనరేటరు మీదనే భారమంతా వేయడం తెలివి కాదు. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి ఆ ప్రాంతంలో చాలా చోట్ల రోజుల తరబడి చీకటి అలముకొన్నది. అటువంటి రోజులలో డీజిల్ దొరకడమూ కష్టమే. పెట్రోలు బంకుకు కూడా కరెంటు కావాలి కదా. తుపాను శీతకాలంలోనే వస్తుందన్న ధీమా కూడా పనికిరాదు. 1990 మే 9న, 2010 మే 20న ఆంధ్ర తీరాన్ని తుపానులు తాకినవి. అవి రెండూ మొసలి గుడ్లు పొదిగే రోజులే.

కరెంటు లేని పొదుగు

మనిషి పడే ఈ అవస్థలు తల్లి మొసలికి లేవు. మగ్గర్ ఒడ్డున గుంత త్రవ్వి గుడ్లను మట్టితో కప్పుతుంది. పగటి ఎండ, రాత్రి చలి ఆ మట్టిపొరను దాటి గుడ్లను చేరేసరికి సగానికి సగం మెత్తబడతాయి. నీటి సీసాలు పెట్టెలో చేసే పని ఇదే. కొండచిలువ మార్గం మరొకటి. అది గుడ్ల చుట్టూ చుట్టుకొని, కండరాలను వణికించి వేడి పుట్టిస్తుంది. ఒక బర్మా కొండచిలువ ఇలా తన శరీరాన్ని పరిసరాలకంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంచుకొన్నదని న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో కొలిచిన వివరాలు 1966లో వెలువడినవి.

పుదుచ్చేరి తీరంలోను, యానానికి సమీపాన కాకినాడ ఎదుట ఉన్న హోప్ దీవిలోను గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు సుమారు 45 సెంటీమీటర్ల లోతున ఇసుకలో గుంత చేస్తుంది. కుక్కలు, నక్కలు, అలల బారిన పడకుండా గుడ్లను తీసి కంచె లోపల మళ్ళీ ఇసుకలోనే అదే లోతున పాతిపెట్టే పద్ధతి మన తీరమంతటా ఉన్నది. అక్కడ థర్మోస్టాట్ లేదు, కరెంటు లేదు. కాని అక్కడా వేడిమి మాట తప్పదు. మొసలికి భిన్నంగా ఈ తాబేలులో వెచ్చని ఇసుక ఆడపిల్లలను, చల్లని ఇసుక మగపిల్లలను ఇస్తుంది. అందుకే ఎండ మరీ తీవ్రమైనప్పుడు కంచెపై నీడ పందిరి వేస్తారు.

థర్మోస్టాట్ కథ కూడా గుడ్లతోనే మొదలయింది. డచ్చి దేశస్థుడైన కార్నేలియస్ డ్రెబెల్ పదిహేడవ శతాబ్దపు తొలి దశకాలలో కోడిగుడ్లు పొదిగే కొలిమిని తయారు చేశాడు. వేడికి సారాయి వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. పాదరసం పొగగూటి మూతను కదిపి మంటను తగ్గించేది. తన వేడిని తానే దిద్దుకొనే తొలి యంత్రాలలో అదొకటి. తరువాతి కాలపు కిరసనాయిలు పొదుగుపెట్టెలలో ఈథర్ నింపిన లోహపు బిళ్ళ ఉబ్బి, కుంచించుకొని ఆ పనే చేసింది. తీగలు, బ్యాటరీలు తరువాత వచ్చినవే.

చేయకూడనివి

కరెంటు పోయిన కంగారులో పెట్టెను ఒకచోటి నుండి మరొక చోటికి మోయవలసివస్తే ఒక్క నియమం మరువరాదు. కోడిగుడ్డును రోజూ దొర్లించాలి. సరీసృపాల గుడ్డును దొర్లించకూడదు. పెట్టిన తొలి గంటలు గడిచాక పిండం పెంకు లోపలి పైభాగానికి అంటుకుంటుంది. గుడ్డు తలక్రిందులయితే అది ఊడిపోయి చనిపోవచ్చు. అందుకే ప్రతి గుడ్డుకు పైవైపున పెన్సిలుతో గుర్తు పెడతారు. గాలి మార్గాలను పూర్తిగా మూసివేయడమూ తగదు. పిల్ల బయటపడే రోజులు దగ్గరపడే కొద్దీ గుడ్డుకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది.

ఇదంతా చదివి ఎవరూ ఇంట్లో ప్రయత్నించరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన మొసళ్ళను, సముద్ర తాబేళ్ళను, వాటి గుడ్లను అనుమతి లేకుండా తాకడం, దగ్గర ఉంచుకొనడం నేరం. విదేశీ జాతులను పెంచేవారు కూడా ఆ చట్టానికి 2022లో జరిగిన సవరణ మేరకు కొన్ని జాతులను నమోదు చేయించుకోవాలి. ఏటిగట్టునో, సముద్రపు ఒడ్డునో గుడ్లు కంటబడితే వాటిని కదల్చకుండా, పై మట్టిని తొలగించకుండా అటవీశాఖకు కబురు చేయడం పౌరుని విధి. వారు వచ్చేవరకు ఆ గుడ్లను కాపాడే పని ఆ మట్టి, ఆ ఇసుక చూసుకుంటాయి.